జబ్బు ఇక్కడిది, కార్డు ఎక్కడిది?

రైలు ఉద్యోగం కోసం తరాల కిందట బిలాస్‌పూర్ చేరిన తెలుగువాళ్లకు వైద్యం ఇప్పుడెందుకు దూరమవుతోంది?

బిలాస్‌పూర్ స్టేషన్‌లో సాయంత్రం. కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ కోసం స్లీపరు పెట్టెలు ఆగే చోట జనం గుమిగూడుతున్నారు. సూట్‌కేసులు, గోనె సంచులు, నీళ్ల సీసాల మధ్య కొన్ని చేతుల్లో పెద్ద పెద్ద కవర్లు కనిపిస్తాయి. లోపల ఎక్స్‌రేలు, స్కానింగ్ ఫిల్ములు, రిపోర్టులు. ఒక ముసలాయనను ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తున్నారు. వెనక కోడలు ఫ్లాస్కు, దుప్పటి, మందుల డబ్బా మోసుకుంటూ వస్తోంది. "మెల్లగా మావయ్యా" అంటుంది తెలుగులో. దారికి అడ్డంగా పెట్టిన సామాను తియ్యమని పక్కవాళ్లకు చెప్పేది హిందీలో. రైలెక్కితే తెల్లారేసరికి విజయనగరం, ఆపైన విశాఖ. అక్కడి నుంచి ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కో, బంధువులు చెప్పిన ప్రైవేటు ఆసుపత్రికో వెళ్తారు.

చూసేవాళ్లకు ఈ ప్రయాణం కాస్త వింతగానే ఉంటుంది. వాళ్లు వదిలి వెళ్తున్నది డాక్టరు దొరకని పల్లె కాదు. 2001లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, ఊళ్లో అందరూ సిమ్స్ అని పిలిచే ఛత్తీస్‌గఢ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, అక్కడే ఉంది. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే వారి కేంద్ర ఆసుపత్రి ఉంది. బొగ్గు సంస్థ ఎస్‌ఈసీఎల్ తోడ్పాటుతో వచ్చిన అపోలో ఆసుపత్రి ఉంది. నర్సింగ్ హోములు వీధికొకటి. ఇన్ని ఉండగా నడవలేని మనిషిని ఆరువందల కిలోమీటర్లకు పైగా రైల్లో తీసుకెళ్లడం ఎందుకు? "అక్కడ మనవాళ్లున్నారు" అన్నది ఎవరిని అడిగినా మొదట వచ్చే జవాబు. అబద్ధం కాదు గానీ, అది సగం జవాబే.

దేశం దాటితేనే పరాయివాళ్లమవుతామని మన లెక్క. ఆసుపత్రిలో ఆ లెక్క పనిచేయదు. అక్కడ మనిషిని పరాయిని చేసేవి రెండు: చెల్లని కార్డు, చెల్లని మాట. బిలాస్‌పూర్ తెలుగువాళ్లకు ఒకప్పుడు ఈ రెండు చిక్కులనూ రైల్వే తీర్చింది. ఒక దాన్ని నియమం పెట్టి, రెండోదాన్ని తనకు తెలియకుండానే. రైలు ఉద్యోగాలు తరిగిపోతున్నకొద్దీ ఆ రెండూ కలిసి జారిపోయాయి. ఆ ఖాళీలోకి వచ్చిన సర్కారీ పథకాలు ముందు అడిగేది చిరునామా. భాష సంగతి అవి అసలు అడగనే అడగవు.

రైలు తెచ్చిన జనం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వైపు వెళ్లే దాని ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. తర్వాత అదే కంపెనీ తూర్పు తీరానికీ విస్తరించింది. 1931లో రాయ్‌పూర్ - విజయనగరం లైను కూడా పూర్తయ్యేసరికి ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ నేరుగా దారి పడింది. ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, గుమాస్తాలు కంపెనీ పట్టాలు తీసుకెళ్లిన చోటికల్లా వెళ్లారు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల గురించి కొంత రాశారు, కొంత చదివాం. బిలాస్‌పూర్ వాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. తార్‌బహర్, హేమూనగర్, తోర్వా, కన్‌స్ట్రక్షన్ కాలనీ, బుధవారీ బజారు పరిసరాల్లో ఇవాళ మూడో తరం, నాలుగో తరం తెలుగు కుటుంబాలున్నాయి. రైల్వే ప్రాంతంలో వేసవిలో జరిగే సోలాపురి మాత పూజకు పసుపు నీళ్లతో, వేపమండలతో కదిలే ఆడవాళ్లను చూస్తే ఇది శ్రీకాకుళం జిల్లాలో ఒక గ్రామదేవత పండగేమో అనిపిస్తుంది.

ఈ జనానికి రైల్వే ఇచ్చిన వాటిలో జీతం, క్వార్టరు, పాసు గురించి అందరూ చెప్పుకుంటారు. వైద్యం గురించి చెప్పుకునేది తక్కువ. నిజానికి అన్నిటికంటే ముందుచూపున్న ఏర్పాటు అదే. రైల్వే ఆసుపత్రి రోగిని ఏ జిల్లావాడివని అడగలేదు. ఉద్యోగి నంబరు అడిగింది. విజయనగరం నుంచి బిలాస్‌పూర్ బదిలీ అయినా, బిలాస్‌పూర్ నుంచి ఖరగ్‌పూర్ వెళ్లినా హక్కు మనిషి వెంటే వచ్చింది. ఇప్పుడు ఢిల్లీలో విధాన పత్రాలు రాసేవాళ్లు పోర్టబిలిటీ అని గొప్పగా చెప్పేది అక్షరాలా ఇదే. రెండోది ఎవరూ ప్రణాళిక వేయకుండా జరిగింది. లోకో షెడ్డులో తెలుగువాళ్లున్నట్టే ఆసుపత్రి వార్డులోనూ ఉన్నారు. డ్రెస్సరు, ఆయా, కాంపౌండరు, నర్సు, వీళ్లలో ఎవరో ఒకరికి తెలుగు వచ్చేది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ముసలమ్మ "ఏటి నాయనా ఈ మంట" అంటే అర్థం చేసుకునే మనిషి మంచం పక్కనే ఉండేవాడు. ఇది రైల్వే బోర్డు ఉత్తర్వుతో రాలేదు. ఒకే చోటి నుంచి జనాన్ని పనిలోకి తీసుకోవడం వల్ల వచ్చింది, ఆ నియామకాలతోనే పోయింది.

బాక్స్: ఊరు, రైలు, జోన్

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1944లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడినప్పుడు బిలాస్‌పూర్ అందులోకి వచ్చింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న పుట్టింది. బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే 2003 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టింది. బిలాస్‌పూర్ నుంచి తిరుపతికి నేరుగా రైలుంది, విశాఖకు కోర్బా ఎక్స్‌ప్రెస్ ఉంది. 2024 సెప్టెంబరులో దుర్గ్ - విశాఖ వందేభారత్ కూడా వచ్చింది.

ఒకే ఇంట్లో మూడు రకాల మనుషులు

రైల్వే వైద్యానికి ఒక గీత ఉంది. కొడుకుకు 21 ఏళ్లు నిండి, చదువు కూడా అయిపోతే అతని పేరు తండ్రి కార్డులోంచి పోతుంది. పెళ్లయితే కూతురి పేరు పోతుంది. రిటైరైన ఉద్యోగికి మాత్రం, తగిన సర్వీసు ఉండి ఒక్కసారి చందా కడితే, 1997లో తెచ్చిన విశ్రాంత ఉద్యోగుల వైద్య పథకం కింద భార్యాభర్తలిద్దరికీ బతికినంతకాలం వైద్యం ఉంటుంది. ఆ పాత కార్డుల స్థానంలో ఇప్పుడు ఉమీద్ అనే స్మార్ట్ కార్డు వచ్చింది. ఏ డివిజన్‌కు వెళ్లినా అది చెల్లుతుంది.

ఇప్పుడు హేమూనగర్‌లోనో తోర్వాలోనో ఒక ఇల్లు ఊహించండి. తాత రిటైరైన లోకో పైలట్. ఆయనకూ అవ్వకూ రైల్వే ఆసుపత్రి ఉంది. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం రాలేదు, బుధవారీ బజారులో సెల్‌ఫోన్ల దుకాణం. అతనికి ఉన్నది రేషన్ కార్డును బట్టి వచ్చే ప్రభుత్వ పథకం. మనవడు స్టేషన్‌లో పెట్టెలు శుభ్రం చేసే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు. తాత చేసిన సంస్థ ఆవరణలోనే చెమటోడుస్తున్నా రైల్వే ఆసుపత్రి అతనిది కాదు. కాంట్రాక్టరు సక్రమంగా చందా కడితే కార్మికుల బీమా, అంటే ఈఎస్‌ఐ, ఉంటుంది, లేకపోతే అదీ లేదు. ఒకే కప్పు కింద ఒకే జ్వరం వస్తే ముగ్గురూ మూడు వేర్వేరు వరుసల్లో నిలబడాలి. రైల్వే ఎవరినీ మోసం చేయలేదు. అది ఉద్యోగులకు ఇచ్చిన హక్కే తప్ప జాతికి ఇచ్చిన వరం కాదు. కానీ నూరేళ్ల పాటు అందరూ ఉద్యోగులే కావడంతో అది తెలుగువాళ్ల హక్కులా అనిపించింది. ఇవాళ కలుగుతున్న దిగ్భ్రమలో సగం అందువల్లే.

బియ్యం దాటింది, వైద్యం దాటలేదు

ఉద్యోగం పోతే రాష్ట్రం ఉంది కదా అనొచ్చు. ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2020 జనవరిలో వచ్చిన డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ పథకం పేద రేషన్ కార్డుదారుల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, మిగతా కార్డుదారులకు 50 వేల దాకా వైద్యం అనే ఏర్పాటుతో మొదలైంది. 2018 సెప్టెంబరు 23న వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు, సూత్రప్రాయంగా, జాబితాలో ఉన్న ఆసుపత్రి దేశంలో ఎక్కడున్నా చెల్లుతుంది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, 5 లక్షల వైద్యం అన్నారు. అప్పటి నుంచి తెలుగు కాలనీల్లో అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ల ప్రధాన చర్చ ఆధార్ గురించే. అమ్మ ఆధార్‌లో శ్రీకాకుళం జిల్లా సోంపేట చిరునామా ఉంది, ఉంటున్నది కొడుకు దగ్గర బిలాస్‌పూర్‌లో. మార్చాలా, ఉంచాలా?

ఈ ప్రశ్న చిన్నది కాదు. మారిస్తే ఆంధ్రప్రదేశ్ రేషన్ కార్డు, పింఛను ఏమవుతాయోనన్న భయం. మార్చకపోతే ఇక్కడి పథకాల్లో పేరుండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కేంద్ర జాబితా కంటే ఎక్కువ కుటుంబాలను కలుపుకుంది. అది ఆ రాష్ట్ర ఘనతే. చిక్కల్లా, కేంద్ర జాబితాలో లేకుండా రాష్ట్ర జాబితాలో మాత్రమే ఉన్న కుటుంబాలతోనే. రాష్ట్రం డబ్బుతో వచ్చే ఆ హక్కు మామూలుగా ఎల్లలు దాటదు. 2019 నవంబరు 1 నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లోనూ ఆరోగ్యశ్రీ వర్తిస్తుందని ప్రకటించారు. అంటే తలచుకుంటే సరిహద్దు దాటి బిల్లు కట్టడం సాధ్యమేనని తేలింది. కానీ ఆ జాబితా పెద్ద ఆసుపత్రులున్న ఊళ్లను చూసి వేసింది. ఉత్తరాంధ్ర తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి వెళ్లే బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్, నాగ్‌పూర్ అందులో లేవు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వచ్చాక, జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే సోంపేట కార్డుతో బిలాస్‌పూర్‌లో గింజలు తీసుకోవచ్చు. రాష్ట్ర పథకం కింద వైద్యానికి మాత్రం బిలాస్‌పూర్ వదిలి వెళ్లాలి.

వందేళ్ల కిందట వెళ్లిపోయినవాళ్ల ఖర్చు ఆంధ్రప్రదేశ్ ఎందుకు భరించాలని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. భరించనక్కర్లేదు. బిలాస్‌పూర్‌లో పుట్టినవాళ్లు ఛత్తీస్‌గఢ్ వాసులు, వాళ్ల బాధ్యత ఆ రాష్ట్రానిది. ఇక్కడ అడుగుతున్నది ఇప్పటికీ ఆంధ్ర కార్డు ఉన్న పెద్దవాళ్ల గురించి మాత్రమే. వాళ్లకు ఊళ్లో చేసినా అదే ఖర్చు, బిలాస్‌పూర్‌లో చేసినా అదే ఖర్చు.

కవిటి అంటే ఎవరికి తెలుసు?

కార్డు చిక్కు కాగితంతో తీరుతుంది. మాట చిక్కు అలా తీరదు. అది కనిపించదు కూడా. బిలాస్‌పూర్‌లో పుట్టిన తెలుగువాళ్లు హిందీ, ఛత్తీస్‌గఢీ అక్కడివాళ్లతో సమానంగా మాట్లాడతారు. వాళ్లను పరాయివాళ్లంటే వాళ్లే నవ్వుతారు. ఇది ఈ వాదానికి బలమైన అభ్యంతరమే. అయితే ఆసుపత్రికి ఎక్కువగా వెళ్లేది పాతికేళ్ల కుర్రాడు కాదు. డెబ్బై ఏళ్ల తల్లి, ఉత్తరాంధ్ర నుంచి పెళ్లి చేసుకుని వచ్చి తొలి కాన్పుకు సిద్ధమవుతున్న కోడలు, పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి చేరిన తండ్రి. ఇంట్లో హిందీ రానివాళ్లూ వైద్యం ఎక్కువ కావలసినవాళ్లూ చాలావరకు ఒకళ్లే.

వాళ్ల తరఫున మాట్లాడేది కొడుకో మనవడో. ఓపీలో డాక్టరు ఇచ్చే కొద్ది నిమిషాల్లో తల్లి నాలుగు మాటలు చెబితే కొడుకు ఒక్క మాట హిందీలో చెబుతాడు. కొడుకు ముందు ఆడవాళ్ల సమస్య చెప్పలేక తల్లి నడుం నొప్పితో సరిపెడుతుంది. అత్త పక్కనుండగా కోడలు చెప్పుకోలేనివి మరెన్నో. దిగులు, నిద్రపట్టకపోవడం, చచ్చిపోవాలనిపించడం వంటివి పదహారేళ్ల మనవడి నోట డాక్టరుకు ఎలా చేరతాయి? ఇంటికి తెచ్చిన డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. అవ్వకు తెలుగు చదవడం వచ్చు. మనవడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు, అతనికి నాగరి లిపి వచ్చు. పొద్దున సగం మాత్ర, రాత్రి ఒకటి అన్న ఒక్క ముక్క ఇంట్లో అందరి చేతులూ మారి, చివరికి మందుల షాపు కుర్రాడు అట్ట మీద గీసిన గీతల దగ్గర తేలుతుంది.

భాషతో పాటు పోయేది ఇంకొకటి ఉంది, డాక్టరుకు రోగి ఊరి గురించి ఉండే ఎరుక. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఉద్దానం ప్రాంతం. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలని మూత్రపిండాల జబ్బు ఎన్నో ఏళ్లుగా అక్కడి జనాన్ని పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో దానికోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. విశాఖలో డాక్టరుకు రోగి "మాది కవిటి" అంటే చాలు, మిగతావన్నీ పక్కనపెట్టి ముందు క్రియాటినిన్ పరీక్ష రాస్తారు. బిలాస్‌పూర్‌లో కవిటి ఒక ఊరి పేరు మాత్రమే. అక్కడి డాక్టరు తక్కువవాడని కాదు. ఆయనకు బాగా తెలిసినది సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. మధ్యభారతపు ఆదివాసుల్లో, వెనకబడిన కులాల్లో బాగా ఉన్న ఆ వ్యాధి మీద జాతీయ కార్యక్రమాన్ని 2023 జులై 1న ప్రారంభించింది బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే ఉన్న శహడోల్‌లో. ప్రతి డాక్టరు తల్లోనూ తన ప్రాంతపు పటం ఒకటి ఉంటుంది. ఆ పటంలో లేని ఊరినుంచి వచ్చినవాడికి జబ్బు పేరు తెలియడమే ఆలస్యమవుతుంది. విశాఖ రైలెక్కేవాళ్లను మూఢంగా సొంతూరిని పట్టుకు వేళ్లాడుతున్నారని తీసిపారేయలేకపోవడానికి ఇదొక కారణం.

డాలస్‌లో ఉన్నది, బిలాస్‌పూర్‌లో లేనిది

విదేశాల్లో ఇంతకంటే కష్టం కదా అన్నది మరో మాట. డబ్బు విషయంలో అది నిజం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు మెడికేర్ ఉండదు. గ్రీన్ కార్డు వచ్చినా అక్కడ అయిదేళ్లు వరసగా ఉంటే గాని దాన్ని కొనుక్కునే అర్హత రాదు. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులను చాలావరకు తప్పిస్తాయి. ఆరు నెలలకు మించిన బ్రిటన్ వీసాకు 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య రుసుము ముందే కట్టాలి. కానీ మాట విషయంలో బోల్తాపడేది మనమే. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లిషు రాని రోగికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. అత్యవసరమైతే తప్ప పిల్లలను దుబాసీలుగా వాడకూడదని నిబంధనలు చెబుతాయి. డాలస్ ఆసుపత్రిలో తెలుగు తల్లికి ఫోన్‌లోనో తెర మీదో తెలుగు గొంతు అడిగే హక్కుంది. సొంత దేశంలో, ఒక్క రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో, ఆమెకు అలా అడగొచ్చన్న ఊహ కూడా రాదు.

బాక్స్: కాగితం మీద మనకూ ఉంది

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం జబ్బు, చికిత్స, ఖర్చు గురించి రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే స్థాయిలో చెప్పాలంటుంది. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని 2019లో రాష్ట్రాలకు పంపింది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తగిన సమాచారం ఇచ్చి తీసుకున్న అంగీకారమే అంగీకారమని చెప్పింది. తెలియని భాషలో రాసిన ఫారం మీద వేలిముద్ర ఆ పరీక్షకు ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించాల్సిందే.

ఖర్చు ఎవరు పెట్టాలి?

డాక్టర్లకే, మంచాలకే కొరతైన ప్రభుత్వ ఆసుపత్రిలో దుబాసీలా అన్నది చివరి అభ్యంతరం. దీనికి జవాబు అమెరికాలో వెతకనక్కర్లేదు, ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. 2002లో ఆ రాష్ట్రం మితానిన్ కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెలో తోటి ఆడవాళ్లు తమలోంచే ఎంచుకున్న ఒక మహిళ, వాళ్ల మాటే మాట్లాడే మహిళ, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య నిలబడుతుంది. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల ఏర్పాటుకు అది ముందు నమూనాల్లో ఒకటి. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని గనియారిలో ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు స్థాపించిన జన్ స్వాస్థ్య సహయోగ్ కూడా అచానక్‌మార్ అడవి పల్లెల్లో ఆ పల్లెల మహిళలకే శిక్షణ ఇచ్చి పని సాగించింది. గోండీ, హల్బీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఆడవాళ్లకు హిందీ ఆసుపత్రి పరాయిదేనని గ్రహించిన రాష్ట్రానికి తెలుగు ముసలమ్మ ఇబ్బంది అర్థం కాకపోదు. అడిగినవాళ్లే లేరు. ప్రతి వార్డులో ఒక ఉద్యోగి అక్కర్లేదు, విచారణ కౌంటరులో ఒక ఫోను, అవతల తెలుగు వచ్చిన ఒక మనిషి చాలు.

ఇదంతా అడిగే ముందు మన ఇంటి వైపు కూడా చూసుకోవాలి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి పారిపోయి భద్రాచలం, ములుగు అడవుల్లో చేరిన గుత్తికోయ ఆదివాసులు ఇప్పటికీ తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేని జనమే. వాళ్లలో తెలుగు రాని గర్భిణి భద్రాచలం ఆసుపత్రిలో పడే అవస్థ, సోంపేట నుంచి వచ్చిన కోడలు సిమ్స్‌లో పడేదానికి నకలు. పైగా ఆ గర్భిణికి ఆసరాగా రైల్వే పింఛను వచ్చే మామగారు లేడు. ఛత్తీస్‌గఢ్ నుంచి తెలుగు రాష్ట్రాలకు పనికి వచ్చిన కూలీ ఒళ్లు నొప్పులంటే సికిల్ సెల్ పరీక్ష గుర్తొచ్చే డాక్టరు మన దగ్గర ఎంతమంది? ఇక్కడ ఇవ్వనిది అక్కడ అడగడానికి మనకు నోరు రావాలంటే, రెండు చోట్లా కలిపే అడగాలి.

అడగాల్సినవి పెద్దవేమీ కావు. ఉమీద్ కార్డు ఉన్నవాళ్ల పిల్లలకు, రైల్వే ఆవరణలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు కనీసం ఓపీ వైద్యమైనా, డబ్బు తీసుకునైనా, రైల్వే ఆసుపత్రి ఇవ్వగలదు. ఆంధ్రప్రదేశ్ తన కార్డు ఉన్న వృద్ధులకు బిలాస్‌పూర్‌లో ఒకటి రెండు ఆసుపత్రులను జాబితాలో చేర్చగలదు. కాలనీల్లోని తెలుగు సంఘాలైతే ఎవరి అనుమతికీ ఆగనక్కర్లేదు. రిటైరైన తెలుగు నర్సులు, ఫార్మసిస్టులు వాళ్లలోనే ఉన్నారు. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ల నంబర్లు సిమ్స్‌లో, రైల్వే ఆసుపత్రిలో ఇచ్చి రావడం ఒక్కరోజు పని.

ఊరి నుంచి అమ్మానాన్నలను తెచ్చుకుంటున్నవాళ్లు మాత్రం అంతవరకూ ఆగకండి. పాత మందుల చీటీలు, రిపోర్టులు పారేయకుండా వెంట తెచ్చుకోండి. ఉద్దానం వైపు వాళ్లయితే ఆ సంగతి డాక్టరుకు మీరే ముందు చెప్పండి. 14555కు ఫోన్ చేసి పెద్దవాళ్ల పేరు ఆయుష్మాన్ జాబితాలో ఉందో లేదో, ఏ రాష్ట్రంలో ఉందో ఇవాళే కనుక్కోండి.